బోణీ కాని బండి

ఫిబ్రవరి 4, 2002, సోమవారం

బండి వచ్చింది.

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చింది. పేజీకో పురుగు బొమ్మ ఉంది. ఈ రోజు పేజీలో శనగపచ్చ పురుగు. దాని పక్కనే రాస్తున్నాను: షేక్ మాబు, వయసు నలభై ఒకటి, ఊరు పర్చూరు, ఈ రోజు నుంచి ఒక డీజిల్ పికప్‌కి ఓనరు. పదహారేళ్లు జయరావు గారి లారీ తోలాను. రోజూ ట్రిప్పుల పుస్తకం రాసే అలవాటు చేతికి ఉండిపోయింది. ఇప్పుడు ట్రిప్పులు లేవు, అందుకని ఇది రాస్తున్నాను.

గుంటూరు షోరూంలో తాళం చేతిలో పెట్టి ఫోటో తీశారు. నవ్వమన్నారు. నవ్వాననే అనుకున్నాను. ఫోటో చూస్తే పోలీసు చలానా రాస్తుంటే పక్కన నిలబడ్డవాడిలా ఉన్నాను.

చిలకలూరిపేట దాటేదాకా నలభై మీద పోనివ్వలేదు. ట్రాక్టర్లు కూడా నన్ను దాటిపోయాయి. పోనీ. ఒకడు దాటిపోతూ ఒరేయ్ ముసలోడా అని అరిచాడు. వేరే రోజైతే వెంటపడి అడిగేవాణ్ణి.

ఇంటి ముందు ఆపగానే మా అత్త మదార్‌బీ దర్గా నుంచి తెచ్చిన నల్లదారం స్టీరింగుకి కట్టింది. షాజాదీ నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి బంపరుకి వేలాడదీసింది. మిరపకాయలు మోసే బండికి దిష్టికి మళ్లీ మిరపకాయలా అన్నాను. "అవి ఊళ్లోవాళ్లవి, ఇవి మనవి" అంది మా ఆవిడ. ఆమెతో మాట్లాడి గెలిచినవాడు లేడు.

ఫిబ్రవరి 5

పొద్దున కడిగాను. సాయంత్రం మళ్లీ కడిగాను. తాళం తిప్పి, మీటర్ల దగ్గర వెలిగే పసుపురంగు దీపం ఆరేదాకా ఆగి, స్టార్ట్ చేసి, ఊరికే వింటూ కూర్చున్నాను. లారీ అయితే ఊరంతా లేచేది. ఇది ఇంట్లోవాళ్లకి మాత్రమే వినపడేంత చప్పుడు చేస్తుంది. నాకది బాగుంది.

బోణీ ఎవరి చేత అన్నది ఆలోచించే పని లేదు. జయరావు గారి చెయ్యి. ఈ చుట్టుపక్కల ఎరువుల కొట్టు తెరిచినా, పిండిమర పెట్టినా మొదటి బేరం ఆయన చేతే చేయించుకుంటారు. బస్టాండు దగ్గర హోటలాయన మొదటి ఇడ్లీ ఆయనకే పెట్టాడు, ఇప్పుడు మేడ మీద మేడ వేస్తున్నాడు. ఇవన్నీ ఎవరో చెప్పినవి కావు. ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది నేనే.

నా బండికి మొదటి లోడు ఆయన మిరపకాయలే. కళ్లంలో కాయ ఆరిపోయి ఉంటుంది ఈపాటికి. కబురు చేస్తారు. రేపో ఎల్లుండో.

ఫిబ్రవరి 6

కబురు రాలేదు. బండి కడిగాను.

ఫిబ్రవరి 8

కొత్తపట్నం నుంచి చేపల వ్యాపారి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. వారానికి మూడు ట్రిప్పులు, ఏడాది పొడుగునా. కూర్చోబెట్టి టీ ఇచ్చి, కుదరదన్నాను. బోణీకి చేపలు వేస్తే ఆ వాసన బండి అమ్మేదాకా పోదు కదా. ఆయన కూడా అర్థం చేసుకున్నాడు.

షాజాదీ మిషను మీద జాకెట్లు కుడుతూ అంతా విన్నది. "లారీలో మిరపకాయలు వేసి వచ్చి పదహారేళ్లు నా పక్కన తుమ్ముతూ పడుకున్నావు, వాసన గురించి నువ్వా చెప్పేది" అంది.

ఫిబ్రవరి 11

త్రినాథ్ వచ్చాడు. మా వీధి చివర ఉంటాడు, నాలుగెకరాల పత్తి. గుంటూరుకి వేయాలట.

"కొత్త బండి, మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు వేయకూడదని పుస్తకంలో రాసుంది" అన్నాను. బండితో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. త్రినాథ్ ఇంటర్ చదివాడని నాకు గుర్తు రాలేదు. పుస్తకం తిప్పి చూసి, "లోడు వేయొద్దని లేదు మాబూ, మెల్లగా తోలమని ఉంది. నువ్వెటూ మెల్లగానే తోలుతున్నావంటగా" అన్నాడు.

"ఇంకో చోట రాసుంది" అన్నాను.

"జయరావు గారి బోణీ కోసం చూస్తున్నావని ఊరంతా అంటున్నారు."

"నేనెవరికోసమూ చూడటం లేదు."

"మరైతే పత్తి ఎయ్యి."

వేయలేదు. పాపం, వేరే బండి చూసుకున్నాడు. సీజను మధ్యలో బండి దొరకడం ఎంత కష్టమో నాకు తెలియంది కాదు.

అయినా జయరావు గారికి నా మీద కోపం ఉండాల్సిన పని లేదు. మానేస్తున్నానని జనవరిలోనే చెప్పాను. మర్యాదగా చెప్పే వచ్చాను. పనుల్లో పడి మర్చిపోయి ఉంటారు.

ఫిబ్రవరి 14

వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేయాలి కాబట్టి షాజాదీని ఎక్కించుకుని చీరాల వెళ్లాను. మిషను దగ్గర నుంచి లేపడానికి గంట పట్టింది. తలుపు తీసి ఎక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది.

"టిక్కెట్టు తీసుకోవాలా?" అంది.

"ఆడవాళ్లకి సగం టిక్కెట్టు."

"వెనక అంత ఖాళీ పెట్టుకుని ఊరేగుతున్నాం. దారిలో ఎవరన్నా చూస్తే పిచ్చోళ్లనుకుంటారు."

ఓడరేవులో సముద్రం చూశాం. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఇద్దరం కలిసి సముద్రం చూడటం ఇదే. లారీలో ఆ పక్కగా వందసార్లు పోయాను, ఆపడానికి బండి నాది కాదు. ఇసకలో కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం. ఆమె చీర అంచు తడిసింది, కోప్పడలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఊరికే లేచి వెళ్లి బండి అక్కడే ఉందా అని చూసి వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు జయరావు గారి కళ్లం మీదుగా వచ్చాం. నేల కనపడకుండా ఎర్రగా కాయ పోసి ఉంది. ఆడవాళ్లు తాలుకాయ ఏరుతున్నారు. "ఆగుదామా?" అంది షాజాదీ. ఆయన పనిలో ఉంటారు, ఇప్పుడు ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

ఫిబ్రవరి 17

జయరావు గారి లారీ మా వీధి మలుపులో కనపడింది. కొత్త డ్రైవరు రెండో గేరు వేస్తుంటే ఆ చప్పుడుకి నా పళ్లు పులిశాయి. ఆ లారీకి రెండో గేరు కొంచెం ఆగి, బతిమాలి వేయాలి. ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పాల్సింది ఎవరో అని ఇప్పుడు అడగకూడదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర వెంకయ్య కలిశాడు. జయరావు గారి గుమస్తా. పదహారేళ్లు నాకు జీతం చేతిలో పెట్టింది ఆయనే. నా గురించి ఏమన్నా అన్నారా అని అడిగాను, పొడుగ్గా, చాలా దూరం నుంచి తిప్పి తిప్పి.

"నీ గురించేం అనలేదు. మొన్న మాత్రం, కొత్తవి కరుస్తున్నాయి వెంకయ్యా, పాతవాటి విలువ పోయాక గాని తెలియదు అన్నారు."

"చూశావా, నా గురించే" అన్నాను.

"చెప్పుల గురించి మాబూ. మడమ మీద పుండు చూపించారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

మానేసిన సంగతి ఒకటి సరిగ్గా రాసుకోవాలి. ఆ రోజు ఎదురుగా ఉన్నది వెంకయ్య. కాబట్టి ఆయనకి చెప్పాను, జయరావు గారికి చెప్పమన్నాను. ఆయనకి చెప్పినా ఈయనకి చెప్పినా ఒకటే. కళ్లంలో అన్నీ వెంకయ్య చేతుల మీదుగానే జరుగుతాయి.

ఫిబ్రవరి 20

మీటరు మీద 928 కిలోమీటర్లు, రోజూ ఊరికే తిరిగినవే. ఒక్క బస్తా వేయలేదు.

ఫిబ్రవరి 23, శనివారం, బక్రీదు

ప్రతి బక్రీదుకీ జయరావు గారింటికి కారియరు నేనే పట్టుకెళతాను. కింద గిన్నెలో కూర, మధ్యలో బిర్యానీ, పైన షాజాదీ చేసే సేమియా. ఆయన అక్కడే నా ముందే మూత తీసి, నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకుంటారు. ఈసారి షాజాదీ కారియరు కట్టి గుమ్మం ముందు పెట్టింది. నాకు మోకాలు పట్టేసింది. నిజంగానే కొంచెం పట్టేసింది. వెంకయ్య అటు వెళుతుంటే ఆయన చేతికిచ్చి పంపాను.

సాయంత్రం కారియరు తిరిగి వచ్చింది. గిన్నెలు ఖాళీగా పంపకూడదని వాళ్లింట్లో ఆవిడ సున్నుండలు పెట్టారు. కబురు కూడా వచ్చింది.

"బిర్యానీ బాగుందని షాజాదీకి చెప్పమన్నారు" అన్నాడు వెంకయ్య.

"ఇంకా?"

"అంతే."

"నాకేమన్నా?"

"షాజాదీకి చెప్పమన్నారు మాబూ. నేను విన్నది చెప్పాను."

సున్నుండలు చాలా బాగున్నాయి. నాలుగు తిన్నాను.

ఫిబ్రవరి 24

బండి కడగలేదు.

ఫిబ్రవరి 26

షాజాదీ మిషను ఆపింది. మిషను ఆపి మాట్లాడిందంటే విషయం పెద్దదని అర్థం.

"ఇరవై రెండు రోజులు. మిరపా పత్తీ అన్నీ ఈ రెండు నెలల్లోనే కదులుతాయి. చేపలు వద్దన్నావు, పత్తి వద్దన్నావు, నిన్న పెళ్లివాళ్లు మంచాలు బీరువా వేస్తామంటే బండికి గీతలు పడతాయన్నావు. వచ్చే వారం బండి కిస్తీకి ఫైనాన్సువాళ్లు వస్తారు. నీకు బోణీ అయిందా లేదా అని వాళ్లు అడగరు."

"మంచి చేత్తో మొదలవ్వాలని నీకు లేదా?"

"నాకూ ఉంది. ఆ చెయ్యి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. వెళ్లి అడగటానికి కాళ్లు లేవా?"

"ఆయన పిలవాలి."

"ఎందుకు పిలవాలి? బండి ఆయన కొన్నాడా?"

నేను లేచి బయటికి వచ్చాను. వెనక నుంచి, మామూలుగా, కోపం లేకుండా అంది: "నీకు కావలసింది బోణీ కాదయ్యా. ఆయన కోప్పడలేదని తెలియాలి. ఆ సంగతి ఆయన్నే అడగాలి, బండిని ఎన్నిసార్లు కడిగితే చెబుతుంది?"

ఫిబ్రవరి 28

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం ఎక్కడ రాస్తాను.

జనవరి 28. లారీ తెచ్చి కళ్లంలో పెట్టాను. జయరావు గారు లోపల భోంచేస్తున్నారు. చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు నాకు వినపడింది. ఇంకో రెండు నిమిషాలు ఆగితే తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేవారు. నేను తాళం మేకుకి తగిలించి, వెంకయ్యతో "రేపటి నుంచి నేను రానని చెప్పు" అని, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాకా వచ్చేశాను. చప్పుడు అవుతుందని.

పదహారేళ్లు అన్నం పెట్టిన మనిషి దగ్గర నుంచి దొంగలా వచ్చాను. ఆయన కోప్పడ్డారా లేదా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. కోప్పడకపోతే ఆయన మనిషే కాదు.

ఎందుకలా చేశానో తెలియదు. తెలుసు. ఇక్కడ రాయను, ఆయనకే చెప్పాలి.

మార్చి 1, శుక్రవారం

నమాజు అయ్యాక అటు నుంచి అటే బండి తీసుకుని వెళ్లాను. ఇంటికి వస్తే మళ్లీ మోకాలు పట్టేస్తుందని.

జయరావు గారు కళ్లంలో రేకుల కొట్టం కింద కుర్చీలో ఉన్నారు. మడమకి కట్టు. నన్ను చూశారు, బండిని చూశారు, మళ్లీ చేతిలో కాయ విరిచి గింజ చూసుకుంటున్నారు. ఏరేవాళ్లందరూ చేతులు ఆపేశారు.

"బండి కొన్నానండి" అన్నాను.

"ఎప్పుడు?"

"నాలుగో తారీఖునండి."

"ఇవాళెంత?"

"ఒకటండి."

"పర్చూరు నుంచి ఇక్కడికి ఇరవయ్యైదు రోజులు. దారిలో పంక్చర్లు పడ్డాయేమో."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. నేను అనుకుని వచ్చిన మాటలన్నీ పోయాయి. ఉన్నదొక్కటే చెప్పాను. "తప్పు చేశానండి. మీకు నా నోటితో చెప్పాల్సింది. వెంకయ్యకి చెప్పి పారిపోయాను."

"ఎందుకురా? నేనేమన్నా కొడతానా?"

"మీరు వద్దంటే ఆగిపోతానని భయమండి."

ఆయన కాయ కింద పడేశారు. ఆడవాళ్లూ ఏరడం లేదు, నేనూ కదలటం లేదు.

"వద్దనేవాణ్ణే" అన్నారు చివరికి. "ఈ వయసులో అప్పు చేసి బండేంట్రా అనేవాణ్ణి. ఇంకో వెయ్యి పెంచుతా ఉండిపో అనేవాణ్ణి. నువ్వు ఉండిపోయేవాడివే." తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నారు. "అయినా చెప్పి పోవాల్సింది మాబూ. ఆ రోజు నీకు కూడా విస్తరి వేసి ఉంది లోపల."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు అని అందరూ అనుకుని ఉంటారు. నేను నిజంగానే ఏడ్చాను.

ఆయన కర్ర పట్టుకుని లేచారు. కుంటుకుంటూ బండి చుట్టూ తిరిగారు. టైరు తన్నబోయి మడమ గుర్తొచ్చి ఆగారు. వెనక తలుపు దింపి, మళ్లీ ఎత్తి చూశారు. "ఎన్ని బస్తాలు పడతాయి?"

"పాతిక వేయొచ్చండి."

"గుంటూరు యార్డుకి ఎంత?"

"మీ ఇష్టమండి."

"నా ఇష్టమైతే ఊరికే తోలతావా? ఓనరువి గదా, రేటు చెప్పు."

ఆయన ముందు నేను ఎప్పుడూ ఒక అంకె పలకలేదు. జీతం ఎంతన్నా సరేనన్నాను, ఎప్పుడు పెంచితే అప్పుడు తీసుకున్నాను. గొంతు సవరించుకుని ఏడొందలన్నాను.

"ఏడొందలా? ఏం, మధ్యలో నా కాయకి భోజనాలు పెట్టిస్తావా? ఐదొందలు."

"డీజిలు ఎంతుందో మీకు తెలుసు కదండీ."

"తెలుసు. ఇది ఎంత తాగుతుందో కూడా తెలుసు. షోరూమువాడు చెప్పింది నాకు చెప్పకు, నువ్వు తోలి చూసింది చెప్పు."

"ఖాళీగానే తోలానండి ఇప్పటిదాకా."

"ఎవడు తోలమన్నాడు ఖాళీగా?"

అరగంట ఆడారు బేరం. నా బండి చిన్నదన్నారు, పైన కప్పే పట్టా కొత్తది కాదన్నారు, వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు వేసుకొస్తావు కాబట్టి తగ్గించమన్నారు. నేను యార్డులో వరుస గురించి చెప్పాను, దించేవాళ్ల కోసం ఎంతసేపు పడిగాపులు పడాలో చెప్పాను. "అవన్నీ నాకు చెప్పింది నువ్వేరా, మళ్లీ నాకే చెబుతావా" అన్నారు. ఒకసారి ఇద్దరం అరుచుకున్నాం కూడా. వెంకయ్య మధ్యలోకి రాబోతే ఇద్దరం ఒకేసారి ఊరుకోమన్నాం.

వేరే బండ్లవాళ్లతో ఆయన ఇలా ఆడటం పదహారేళ్లు పక్కన నిలబడి చూశాను. మంచి ఓనరు దొరికితే ఆయనకి బేరం ఒక సరదా, చేతకానివాడైతే రెండు మాటల్లో వదిలేస్తారు. నన్ను అరగంట వదల్లేదు. అరుస్తూనే ఉన్నాను గాని లోపల నాకు పండగలా ఉంది. పాతిక రూపాయల తేడా దగ్గర ఆగిపోయింది. ఆయన పెంచలేదు, నేనూ దిగలేదు.

"సరే, ఆరొందల పాతిక. చెడ్డ గట్టివాడివయ్యావు" అన్నారు. జేబులోంచి నోట్లు తీసి, ఒక క్షణం కళ్లు మూసుకుని, కుడిచేత్తో నా చేతిలో పెట్టారు. నేను కళ్లకద్దుకున్నాను.

పొద్దున్నే లోడు ఎత్తుతారు. షాజాదీకి చెబితే ముందు అడిగిన మాట: "కోప్పడ్డాడా?" బాగా కోప్పడ్డారన్నాను. "హమ్మయ్య" అంది.

మార్చి 2

పాతిక బస్తాలు. బండి వెనక కొంచెం కుంగి నిలబడితే ఎంత అందంగా ఉందో. ఖాళీగా తిరిగినన్నాళ్లూ అది బండి కాదు.

వంపుల దగ్గర పట్టా తాడు చూసుకుంటూ, యాభై మీద పోకుండా వచ్చాను. జయరావు గారి లారీ నన్ను దాటింది. మలుపు ముందు దాన్ని ఆపించి కొత్త డ్రైవరుకి రెండో గేరు ఎలా బతిమాలాలో చూపించాను. మంచివాడే, వినయంగా విన్నాడు.

గుంటూరు యార్డు గేటు దగ్గర పెద్ద వరుస. గంటన్నర తర్వాత నా వంతు వచ్చింది. చీటీ రాసే మనిషి పాతవాడే, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవరి బండి?"

"జయరావు గారి" అనేసింది నోరు. పదహారేళ్లు ఆ గేటు దగ్గర అదే మాట చెప్పాను. అతను రాయడం మొదలుపెట్టాడు. "ఆగు ఆగు" అన్నాను. "సరుకు జయరావు గారిది. బండి నాది."

అప్పుడు తల ఎత్తి చూశాడు. నన్ను చూశాడు, బండిని ముందు నుంచి వెనక దాకా చూశాడు. రాసింది కొట్టేసి, "పేరు?" అన్నాడు.

నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా చెప్పాను. రాసుకుని గేటు ఎత్తాడు.